బడి నెట్ 100 ఎంబీపీఎస్ అంటున్నారు, వచ్చేది 9. పైగా పిల్లల మీద పేరుపేరునా రిపోర్టులు. ఎవరిని అడగాలి?

నీవా_గట్టు

చిత్తూరు దగ్గర ఒక మునిసిపల్ హైస్కూలు సంగతి. ఊరు, ఏజెన్సీ, నెట్ కంపెనీ పేర్లు కావాలనే రాయడం లేదు. తల్లిదండ్రుల కమిటీ తరఫున అడుగుతున్నాను.

మునిసిపాలిటీ ఒకే వర్క్ ఆర్డర్ కింద అన్నీ ఒకే ఏజెన్సీకి అప్పజెప్పింది: ఫైబర్ కనెక్షన్, లోపలి వైరింగ్, 6 వైఫై బాక్సులు, కొన్ని సైట్లను ఆపే ఒక ఫిల్టర్ బాక్సు, 3 ఏళ్ల మెయింటెనెన్స్. పిల్లలు 320 మంది, ల్యాబులో కంప్యూటర్లు 20.

ల్యాబులో ఏ కంప్యూటర్‌లో చూసినా, ఏ టైములో చూసినా 9 దాటదు. వైఫైలో పొద్దున బాగానే ఉంటుంది, తరగతులు మొదలయ్యాక 2, 3కి పడిపోతుంది. గట్టి వాన పడితే మొత్తం పోతుంది, ఒక్కోసారి రెండు రోజుల దాకా రాదు. ఏజెన్సీని అడిగితే "లైను నెట్ వాళ్లది" అంటారు. లోకల్ కేబుల్ ఆపరేటర్‌ని అడిగితే "మా లైను బాగుంది, లోపలి వైరింగ్ చూసుకోండి" అంటాడు.

రెండోది ఇంకా చికాకు. వైఫైలోకి వెళ్లాలంటే వచ్చే పేజీలో పేరు, తరగతి, తల్లిదండ్రుల ఫోన్, ఆధార్ నంబరు, సామాజిక వర్గం అన్నీ నింపాలి. ప్రతి శనివారం ఫిల్టర్ బాక్సు నుంచి హెచ్ఎం గారి మెయిల్‌కి ఒక పీడీఎఫ్ వస్తుంది. ఏ పిల్లవాడు ఏ రకం సైట్లు ఎన్ని నిమిషాలు చూశాడో అందులో ఉంటుంది, చివర "శ్రద్ధ తక్కువ", "రిస్క్" అని ముద్రలు. దాన్ని పేరెంట్స్ మీటింగులో చదువుతున్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలి? గొడవ పెట్టుకోవాలని లేదు, పని జరగాలి.

---

జాయింట్‌బాక్స్

9 అన్న అంకె చూశాక అనుమానం ఫైబర్ మీదికి కాదు, లోపలి కేబుల్ మీదికి పోవాలి. రాగి కేబుల్ లింకు 10 ఎంబీపీఎస్‌లో కూర్చుంటే స్పీడ్ టెస్టులో 9 చిల్లర వస్తుంది. 100లో కూర్చుంటే 93 నుంచి 95. గిగాబిట్‌లో (అంటే 1000లో) ఉంటే ప్లాను ఎంతో అంత. అన్ని కంప్యూటర్లలో, అన్ని వేళల్లో ఒకే అంకె వస్తోందంటే ల్యాబ్ స్విచ్‌కి (కంప్యూటర్లకి నెట్ పంచే పెట్టెకి) వచ్చే ఆ ఒక్క కేబులే దొంగ అయ్యుండొచ్చు. నెట్ కంపెనీ వల్ల వచ్చే నెమ్మది ఇలా ఉండదు. అది సాయంత్రం ఒకలా, పొద్దున ఒకలా ఊగుతుంది.

గేటు బయటి నుంచి లోపలికి వరసగా కొలుచుకుంటూ రండి. కొలిచే ల్యాప్‌టాప్‌కి గిగాబిట్ పోర్టు ఉండాలి, కేబుల్ కొత్తది అయ్యుండాలి. వైఫై మీద కొలిచిన అంకెను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, మీరూ తీసుకోకండి.

మొదట ఓఎన్‌టీ, అంటే ఫైబర్ వచ్చి దిగే తెల్ల డబ్బా. దాని పోర్టుల దగ్గర జీఈ, ఎఫ్‌ఈ అని రాసి ఉంటుంది. చౌక రకాల్లో ఒక్కటే జీఈ (గిగాబిట్), మిగతావి ఎఫ్‌ఈ, 100కి మించనివి. ల్యాప్‌టాప్ జీఈ పోర్టుకి పెట్టండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది: ఓఎన్‌టీ బ్రిడ్జ్ మోడ్‌లో (తను లాగిన్ కాకుండా లైనుని దాటించే తీరులో) ఉండి, లాగిన్ ఫిల్టర్ బాక్సులో జరుగుతుంటే ల్యాప్‌టాప్‌లో నెట్ రాదు. అప్పుడు పీపీపీఓఈ (నెట్ కంపెనీ లాగిన్) యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్‌లో కొట్టాలి. అవి మీ దగ్గర లేవంటే ఏజెన్సీ దాచిపెట్టుకుందని అర్థం. రాతపూర్వకంగా అడగండి.

అక్కడే బ్రౌజర్‌లో ఓఎన్‌టీ పేజీ తెరిచి (సాధారణంగా 192.168.1.1) ఆర్‌ఎక్స్ ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం, చూడండి. ఇలాంటి ఫైబర్ (జీపాన్) లైన్లలో వాడే బి ప్లస్ రకానికి -27 డీబీఎం చివరి గీత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ. -15 నుంచి -23 దాకా నిశ్చింత. -25 దాటితే ఎండలో నడుస్తుంది, వానలో పడిపోతుంది. మీ వాన బాధకి కారణం ఇక్కడ దొరుకుతుంది అనుకుంటున్నా.

మీ రీడింగ్ ఎంత ఉండాలో ముందే లెక్క వేసుకోవచ్చు. ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ (ఫైబర్‌లోకి వెలుగు పంపే పరికరం) నుంచి +4 బయల్దేరిందనుకోండి. ఒక ఫైబర్‌ని ఎనిమిదిగా చీల్చే 1:8 స్ప్లిట్టర్ ఒక్కోటి 10.5 డీబీ తింటుంది. మన దగ్గర ఆపరేటర్లు చాలామంది ఒకదాని వెనక ఒకటి రెండు పెడతారు, అంటే 21 పోయింది. 4 కిలోమీటర్ల ఫైబర్‌కి ఒకటింబావు, నాలుగు కనెక్టర్లకి ఒకటిన్నర దాకా. మిగిలేది దాదాపు -20. మీ దగ్గర -26 చూపిస్తే మధ్యలో ఎక్కడో 6 డీబీ అదనంగా కారిపోతోంది.

కారేది సాధారణంగా ఈ చోట్ల: గోడ మూలలో డ్రాప్ కేబుల్‌ని (చివరి డబ్బా నుంచి బడిలోకి వచ్చే ఫైబర్‌ని) మేకుకి వేసి మడిచిన చోట, స్తంభం మీద డబ్బా మూత సరిగా పడక నీళ్లు దిగిన చోట, ఫైబర్‌ని కరిగించి అతికే ఫ్యూజన్ మెషీన్ తేకుండా చేత్తో బిగించిన ఫాస్ట్ కనెక్టర్ దగ్గర. ఫ్యూజన్ జాయింట్ నష్టం 0.1 లోపే ఉంటుంది. ఫాస్ట్ కనెక్టర్ కొత్తలో 0.3, 0.5 ఉండి, లోపలి జెల్ తడికీ దుమ్ముకీ పాడయ్యేకొద్దీ పెరుగుతూ పోతుంది. ఇంకొకటి, ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం కనెక్టర్‌తో కలపడం. ఒకదాని మొన ఏటవాలుగా, ఇంకోదాని మొన సమంగా చెక్కి ఉంటుంది, రెండూ అతకవు. వెలుగు కొంత పోతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. ఓఎన్‌టీ దగ్గర ఒక్క చూపుతో తెలిసిపోయే తప్పు ఇది.

రెండో చోటు ఫిల్టర్ బాక్సు తర్వాత. మూడో చోటు ల్యాబ్ స్విచ్. ఓఎన్‌టీ దగ్గర కొలిచిన టైముకి అరగంట అటూ ఇటూగా ఇవీ కొలవండి, లేకపోతే "అప్పుడు నెట్‌లో రద్దీ ఉంది" అంటారు. ఒక్కో చోట మూడుసార్లు కొలిచి తేదీ, టైము, స్క్రీన్‌షాట్ దాచండి.

ల్యాబ్ కేబుల్ మీద ఒక చిన్న పరీక్ష. ఒక చివర ఏదో ఒక జత తీగలు ఒలిచి కలిపి మెలేయండి. రెండో చివర అదే జతకి మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూడండి. అసలు రాగి క్యాట్5ఈ, క్యాట్6 (నెట్ కేబుల్ రకాలు) అయితే 100 మీటర్లకి రానూ పోనూ కలిపి 19 ఓమ్స్ లోపు ఉండాలి. దానికి ఒకటిన్నర రెట్లు వస్తే అది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో తీగ గీకినా లోపల తెల్లగా కనిపిస్తుంది. ఆ రకం కేబుల్ మీద వైఫై బాక్సులకి కరెంటు కూడా పంపుతుంటే వోల్టేజి పడిపోయి బాక్సులు వాటంతట అవే రీస్టార్ట్ అవుతుంటాయి. అన్నట్టు, రాగి కేబుల్ ఒక లాగుడు 100 మీటర్లు దాటకూడదు. బడి వరండాల పొడవు చూస్తే చాలాచోట్ల దాటే ఉంటుంది.

---

యాదమరి_బస్సు

అన్న చెప్పింది అంతా కరెక్టే. కానీ దానికన్నా ముందు నెట్ బిల్లు ఎవరి పేరు మీద ఉండాదో చూడండి సార్. నూటికి తొంభై ఇట్లాంటి కాంట్రాక్టుల్లో కనెక్షన్ ఏజెన్సీ పేరు మీదే ఉంటాది. అప్పుడు కంపెనీ లెక్కలో బడి కస్టమరే కాదు. మీరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా డాకెట్ నంబర్ ఇయ్యరు. డాకెట్ నంబర్ లేంది కంప్లైంటే లేదు.

పేరు హెచ్ఎం గారిదో మునిసిపాలిటీదో అయితే దారి సులువు. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు, డాకెట్ నంబర్. తీరకపోతే 30 రోజుల్లోపల ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు, ఫీజు లేదు. వాళ్లు 39 రోజుల్లో తేల్చాల. అదీ కాకపోతే టెలికాం శాఖకి కేంద్రం పీజీ (ప్రజా ఫిర్యాదుల) పోర్టల్‌లో. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా పోవచ్చు. టెలికాం గొడవలు కమిషన్ వినకూడదని కంపెనీలు వాదించేవి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. 5 లక్షల లోపల విలువకి ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఒక కాల్ కొడితే ఒక్కోసారి అక్కడే తేలిపోతాది.

ప్లాను కాగితం మీద "100 వరకు" అని ఉంటాది చూడండి. ఆ "వరకు" మీద కొట్లాడి గెలవడం కష్టం. రెండు దినాలు అసలు నెట్టే లేకపోవడం మీద కొట్లాడండి.

ఇంకోటి, "మీ పిల్లోళ్లు డేటా అంతా తాగేస్తా ఉండారు, ఎఫ్‌యూపీ (నెల వాడకం హద్దు) అయిపోయింది" అంటారు. లెక్క కట్టండి. 320 మంది తలా 200 ఎంబీ వాడితే దినానికి 64 జీబీ. 25 బడి దినాలకి 1600 జీబీ. చాలా అన్‌లిమిటెడ్ ప్లాన్లలో హద్దు 3300 జీబీ. మీ ప్లానుది ఎంతో కాగితంలో చూసి ఆ మాట మాట్లాడమనండి.

---

ఎంబుక్

ఒకే ఏజెన్సీకి అన్నీ ఇచ్చారు కాబట్టి "అది వాళ్లది, ఇది వీళ్లది" అన్న మాటే చెల్లదు. లైను తెచ్చేదీ వాళ్లే, వైరు లాగేదీ వాళ్లే, నడిపేదీ వాళ్లే. మునిసిపాలిటీకి సంబంధించినంత వరకు బాధ్యుడు ఒక్కడే. ఇది ఏజెన్సీకి తెలుసు, బిల్లు పాస్ చేసే ఇంజనీరుకీ తెలుసు. మీకు తెలుసని వాళ్లకి తెలియాలి, అంతే.

సమాచార హక్కు కింద అడగండి. "పనిలో అవకతవకలు జరిగాయా?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది సమాచారం కాదు, అభిప్రాయం. కాగితం పేరు పెట్టి అడగాలి: అంచనా, ఐటెమ్ వారీ స్పెసిఫికేషన్లు, టెండర్ లేదా కొటేషన్ల పోలిక పట్టిక, ఒప్పందం, వర్క్ ఆర్డర్, ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) ఆ పని పేజీలు, చెల్లించిన బిల్లులు, పట్టి ఉంచిన డిపాజిట్ మొత్తం, మెయింటెనెన్స్ చెల్లింపుల పద్దు, నెట్ కంపెనీ ఇచ్చిన బిల్లుల నకళ్లు. కొటేషన్లు చేతికొస్తే మూడింటి అక్షరాల తీరు, తప్పులు ఒకేలా ఉన్నాయేమో కూడా చూడండి. ఒకే పనిని చిన్న ముక్కలుగా చేసి టెండర్ లేకుండా ఇచ్చారా అన్నది వర్క్ ఆర్డర్ల తేదీలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

రుసుము రాష్ట్రంలో మునిసిపాలిటీ స్థాయికి 10 రూపాయలు. మండల స్థాయి ఆఫీసుకి 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే సెక్షన్ 19(1) కింద 30 రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి రెండోది.

చాలామంది వాడని హక్కు ఒకటుంది. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని కళ్లారా తనిఖీ చేయొచ్చు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా కూడా తీసుకోవచ్చు. ఎం-బుక్‌లో "క్యాట్6, రాగి" అని రాసి కొలత వేసి డబ్బు ఇచ్చి ఉంటే, మీరు ఒక మీటరు కేబుల్ ముక్కని ఆఫీసు సీలుతో నమూనాగా అడగండి. పైన జాయింట్‌బాక్స్ గారు చెప్పిన బ్లేడు పరీక్ష ఆ ముక్క మీద చేసినప్పుడే దానికి విలువ. మీ అంతట మీరు బడిలో కేబుల్ కోసి తెస్తే ప్రభుత్వ ఆస్తి పాడుచేశారని మీ మీదే కేసు పెడతారు.

పీఐఓ (సమాచారం ఇవ్వాల్సిన అధికారి) రెండు సాకులు చెప్పొచ్చు. ఒకటి 8(1)(డి), వ్యాపార రహస్యం. పని ఇచ్చేశాక, ప్రజాధనం చెల్లించాక ఒప్పందం ధరలు దాచడానికి అది పెద్దగా ఆసరా కాదు, అప్పీల్లో నిలవడం కష్టం. రెండోది 8(1)(జె), వ్యక్తిగత సమాచారం. 2025 నవంబరు నుంచి ఈ క్లాజు మారింది, ముందున్న వెసులుబాట్లు పోయి మినహాయింపు వెడల్పయింది. అందుకని దరఖాస్తులో పిల్లల పేర్లున్న రిపోర్టు అడగకండి. ఖాళీ లాగిన్ ఫారం, రిపోర్టు నమూనా, ఆ ఫీచరు కొనమని ఎవరు రాశారో ఆ ఫైలు నోట్ అడగండి. ప్రజాప్రయోజనం కోసం 8(2) ఇంకా ఉంది, దాన్ని దరఖాస్తులోనే ప్రస్తావించండి.

డబ్బు సంగతి. ఏపీ ఇంజనీరింగ్ పనుల్లో మామూలుగా ఒప్పందం నాటికి ఈఎండీ (ముందే కట్టే డిపాజిట్) మొత్తం 2.5 శాతం, తర్వాత బిల్లుల నుంచి 7.5 శాతం పట్టి ఉంచుతారు. డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలు ఏజెన్సీయే సరిచేయాల్సిన కాలం) అయ్యాక తిరిగిస్తారు. ఆ గడువు లోపల లోపం రాతలో ఆఫీసుకి చేరితే ఏజెన్సీ పరుగెత్తుకొస్తుంది. గడువు దాటి డిపాజిట్ ఇచ్చేశాక మీరు ఎన్ని కొలతలు చూపించినా ఎవరికీ అక్కర ఉండదు. కాబట్టి గడువు తేదీ తెలుసుకోవడం మొదటి పని, సమాచార హక్కు జవాబు వచ్చేదాకా ఆగకండి. కమిషనర్‌కి ఒక పేజీ ఉత్తరం ఇచ్చి ఇన్వార్డ్ నంబర్ తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో) అదే ఉత్తరం ఇస్తే అది తిరిగి కమిషనర్‌కే వస్తుంది, కానీ జవాబు చెప్పాల్సిన గడువుతో వస్తుంది.

---

మసక_ఆధార్

రెండో ప్రశ్నకి ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి.

ఆధార్ దగ్గర మొదలుపెడదాం. బడిలో చేర్చుకోవడానికే ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 తీర్పులో చెప్పింది. అలాంటిది వైఫై లాగిన్‌కి ఎందుకు? ఫోన్‌కి ఓటీపీ, లేదా క్లాస్ టీచర్ ఇచ్చే ఓచర్ కోడ్ సరిపోతుంది. సామాజిక వర్గం కాలమ్‌కి అసలు సమర్థనే లేదు. లాగిన్ పేజీని ఏజెన్సీ ఏదో పాత సర్వే ఫారం నుంచి ఎత్తి పెట్టి ఉంటుంది. ఫిల్టర్ బాక్సు సెట్టింగుల్లో ఆ కాలమ్‌లు తీసేయడం పది నిమిషాల పని. కాలమ్ తీసేస్తే పాత డేటా పోదు, అది డేటాబేసులోనే ఉంటుంది. చెరిపేయమని విడిగా అడగాలి, బ్యాకప్‌లోది కూడా.

2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 9: 18 ఏళ్లలోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అంగీకారం, అదీ నిజంగా తల్లిదండ్రులే ఇచ్చారని తేలే పద్ధతిలో ఉండాలి. పిల్లల్ని వెంటాడి గమనించడం, వాళ్ల నడవడిక మీద నిఘా కూడదు. ఉల్లంఘిస్తే జరిమానా 200 కోట్ల దాకా. ఇది చదివి ఎగిరి గంతేయకండి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకి అమల్లోకి వస్తాయి. పైగా నియమాల్లో విద్యాసంస్థలకి ఒక మినహాయింపు ఉంది: చదువు పనులకీ, పిల్లల భద్రతకీ అవసరమైన మేరకు గమనించవచ్చు.

మరి మీ పీడీఎఫ్ ఆ మినహాయింపులోకి వస్తుందా? అశ్లీల సైట్లు ఆపడం వస్తుంది. ఫలానా పరికరం నుంచి వైరస్ ట్రాఫిక్ వచ్చిందని చెప్పడం వస్తుంది. "రిస్క్" అని ఒక పేరు మీద ముద్ర వేసి పదిమంది ముందు చదవడం ఏ భద్రతలోకీ రాదు. చట్టంలో డేటాకి బాధ్యుడు బడి లేదా మునిసిపాలిటీ. ఏజెన్సీ వాళ్ల తరఫున పనిచేసేది మాత్రమే, అదీ ఒప్పందం ఉంటేనే. కాబట్టి "బాక్సు పంపిస్తోంది, మేమేం చేస్తాం" అనడానికి హెచ్ఎం గారికి వీల్లేదు.

అసలు ఆ ముద్రలు ఎలా పడతాయో తెలిస్తే ఎవరూ వాటిని పట్టించుకోరు. బాక్సు దగ్గర సైట్ పేర్ల జాబితా ఉంటుంది, ఒక్కో పేరుకీ ఒక వర్గం. సురక్షిత సైట్లలో దానికి కనిపించేది పేరు వరకే, లోపలి పేజీ కనిపించదు. యూట్యూబ్‌లో త్రికోణమితి పాఠం చూసినా సినిమా పాట చూసినా రెండూ "వినోదం"లోకే పోతాయి. ఫోన్ జేబులో ఉండగా యాప్ దానంతట అది తాజా అవుతున్నా నిమిషాలు ఎక్కుతాయి. అన్న ఫోన్‌ని తమ్ముడు లాగిన్ చేస్తే తమ్ముడి లెక్క. ఈ నిమిషాల మీద ఒక హద్దు పెట్టి "శ్రద్ధ తక్కువ" అని అచ్చేస్తుంది.

ఒకటి వెంటనే చూడండి. పిల్లల ఫోన్లలో ఏదైనా సర్టిఫికెట్ (బాక్సుని నమ్మమని ఫోన్‌కి చెప్పే ఫైలు) వేయించారా? ఫోన్‌లో ఒక సైట్ తెరిచి అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారో చూడండి. అక్కడ ఫిల్టర్ బాక్సు కంపెనీ పేరు కనిపిస్తే, బాక్సు మధ్యలో కూర్చుని సురక్షిత ట్రాఫిక్‌ని విప్పి చదువుతోందని అర్థం. పాస్‌వర్డులు సహా. ఆండ్రాయిడ్ 7 నుంచి మామూలు యాప్‌లు అలా వేయించిన సర్టిఫికెట్‌ని నమ్మవు, అందుకే "బ్రౌజర్ పనిచేస్తుంది, యాప్ పనిచేయదు" అన్న ఫిర్యాదు వస్తుంది. ఇది మీ మొదటి సమస్యకి కూడా ముడిపడి ఉంది: విప్పి మళ్లీ మూయడానికి బాక్సు ప్రాసెసర్ చాలా శక్తి ఖర్చు పెడుతుంది. పెట్టె మీద రాసిన స్పీడులో మూడో వంతో నాలుగో వంతో మిగలడం వింతేమీ కాదు.

లాగులు (ఎప్పుడు ఏం జరిగిందన్న నమోదులు) అసలే ఉంచొద్దని అడగకండి. 2022 ఏప్రిల్ 28 సర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రత సంస్థ) ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగులు 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి, ప్రభుత్వ సంస్థలకీ వర్తిస్తుంది. ఏ పరికరానికి ఏ ఐపీ (నెట్ చిరునామా) ఏ టైములో ఇచ్చారన్నది ఉంటే చాలు, పోలీసులు అడిగినప్పుడు తీసి ఇవ్వొచ్చు. పేరు వారీ వారం రిపోర్టు అచ్చేయమని ఆ ఆదేశం ఎక్కడా చెప్పలేదు.

---

ఎనిమిదో_పీరియడ్

టీచర్ల వైపు నుంచి ఒక మాట. రిపోర్టు ఆపేయమంటున్నారు, సరే. 320 మందిని ఆరుగురు టీచర్లు ల్యాబులో, వరండాలో చూసుకోలేరు. ఆడపిల్లల ఫోటోలు తీసి పెట్టే సంఘటన ఒకటి జరిగితే మొదట అడిగేది బడినే. ఫిల్టర్ వద్దు, రిపోర్టు వద్దు, లాగిన్ వద్దు అంటే చివరికి మునిసిపాలిటీ నెట్టే తీసేస్తుంది. అదే వాళ్లకి సులువు.

---

మసక_ఆధార్

ఫిల్టర్ వద్దని ఎవరూ అనలేదండి. లాగిన్ ఉండాలి. సైట్ వర్గాలు ఆపడం ఉండాలి. వారం రిపోర్టు కూడా ఉండొచ్చు, తరగతి మొత్తానికి కలిపి: 9వ తరగతిలో ఏ వర్గానికి ఎంత ట్రాఫిక్, ఎన్ని సైట్లు ఆపబడ్డాయి. ఇలాంటి బాక్సుల్లో రిపోర్టు షెడ్యూల్ దగ్గర "యూజర్ వారీ" బదులు "గ్రూప్ వారీ" పెట్టుకునే వీలు మామూలుగా ఉంటుంది, పేర్లు కనబడకుండా చేసే ఆప్షన్ కొన్నింటిలో ఉంటుంది. మీరు చెప్పిన ఫోటోల సంఘటన జరిగితే పేరు కావాలి, నిజమే. అప్పుడు హెచ్ఎం రాసిచ్చి, ఒక టీచర్, తల్లిదండ్రుల కమిటీ నుంచి ఒకరు ఉండగా ఆ ఒక్క రోజు లాగు తెరవండి. తెరిచినట్టు రిజిస్టర్‌లో రాయండి. బాక్సు అడ్మిన్ పాస్‌వర్డ్ ప్రస్తుతం ఎవరి దగ్గర ఉందో చూశారా? ఏజెన్సీ కుర్రాడి ఫోన్‌లో ఉంటే ఆడపిల్లల ఫోన్ నంబర్లన్నీ అతని చేతిలో ఉన్నట్టే. భద్రత గురించి దిగులు పడాల్సింది అక్కడ.

---

నీవా_గట్టు

అందరికీ థ్యాంక్స్. హెచ్ఎం గారి సమక్షంలో, ఏజెన్సీ మనిషిని పక్కన పెట్టుకుని కొలిచాం.

ఓఎన్‌టీ జీఈ పోర్టు దగ్గర 97, 98, 97. ఆర్‌ఎక్స్ పవర్ -26.1, వాన లేని రోజు. ఫిల్టర్ బాక్సు తర్వాత 31. ల్యాబ్ స్విచ్ దగ్గర 9.3, స్విచ్ లైటు ఆరెంజ్. ఆ కేబుల్ పొడవు దాదాపు 80 మీటర్లు, జత ఓమ్స్ 29. ఫోన్లలో సర్టిఫికెట్ వేయించారు, బాక్సు పేరే కనిపించింది. నెట్ బిల్లు ఏజెన్సీ పేరు మీదే ఉంది. అడ్మిన్ పాస్‌వర్డ్ బడిలో ఎవరి దగ్గరా లేదు.

---

జాయింట్‌బాక్స్

అయితే మూడు చోట్ల మూడు లోపాలు, ఒక్కటీ ఇంకోదాని వల్ల వచ్చింది కాదు. 80 మీటర్లకి రాగి అయితే 15 ఓమ్స్ దాటకూడదు. 29 అంటే అల్యూమినియం, పైగా తీగ కొలత కంటే సన్నం. దాన్ని బాగుచేయడం కుదరదు, మార్చాల్సిందే. మళ్లీ రాగి వేయించడం కంటే ఆ లాగుడు వరకు ఫైబర్ వేసి రెండు చివర్లా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని రాగికి కలిపే డబ్బా) పెట్టించడం మేలు. వరండా బయట నుంచి పోయే రాగి తీగకి పిడుగు దెబ్బ తగిలితే స్విచ్‌లు రెండూ పోతాయి, ఫైబర్‌కి ఆ బాధ లేదు.

98 నుంచి 31కి దించింది ఫిల్టర్‌లోని విప్పి చదివే పని. ఆ పనిని (హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్) ఆపించి, డీఎన్‌ఎస్ మీద, అంటే సైట్ పేరు మాత్రమే చూసి ఆపే ఫిల్టరింగ్ పెట్టించి మళ్లీ కొలవండి. 90 దాటాలి. దాటకపోతే బాక్సు మోడల్ ఈ లైనుకి చిన్నది. ఆపాక పిల్లల ఫోన్లలోంచి ఆ సర్టిఫికెట్ తీయించడం మరవొద్దు.

వైఫైలో తరగతులప్పుడు పడిపోవడం వేరే సంగతి. 6 బాక్సులకి 320 మంది అంటే ఒక్కోదాని మీద 50 పైనే. 25, 30 మంది ఒకేసారి వాడితే ఇలాంటి బాక్సు సతమతమవుతుంది. కనీసం 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లు పక్కపక్క బాక్సులకి వేరువేరుగా, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లో పెట్టించండి. ఒక్కో పరికరానికి 3, 4 ఎంబీపీఎస్ హద్దు పెడితే మిగతావాళ్లకి ఊపిరి ఆడుతుంది.

-26.1 విషయంలో ఆపరేటర్‌తో వాదించకండి. మీ గోడ దగ్గరికి వచ్చే చివరి డబ్బా దగ్గర పవర్ మీటర్ పెట్టి చూపమనండి. అక్కడ -20 ఉంటే లోపం డబ్బాకీ ఓఎన్‌టీకీ మధ్య డ్రాప్ కేబుల్‌లో ఉంది, అరగంట పని. అక్కడే -25 ఉంటే వెనక నుంచే వస్తోంది, ఓటీడీఆర్ (ఫైబర్‌లో నష్టం ఎక్కడుందో చూపే మీటరు) పెట్టి చోటు పట్టుకోవాలి. 1310 నానోమీటర్ల వెలుగులో కంటే 1550లో నష్టం బాగా ఎక్కువగా కనిపిస్తే అది మడత, రెండింటిలో దాదాపు సమానంగా కనిపిస్తే జాయింటో కనెక్టరో. కేబుల్ కరెంటు స్తంభాల మీద వస్తుంటే కూడా ఫిర్యాదు ఆపరేటర్‌కే, స్తంభం కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్‌ది అయినంత మాత్రాన తిరుపతికి ఉత్తరం రాసి లాభం లేదు. అలిపిరి వైపైతే కోతుల్ని, మీ వైపైతే ఉడతల్ని కూడా అనుమానితుల జాబితాలో పెట్టుకోండి. ఈ పని ఈశాన్య రుతుపవనం పట్టుకోకముందే, అంటే అక్టోబరు లోపల అయిపోవాలి.

వాన పడగానే కరెంటు పోతుంది కాబట్టి ఓఎన్‌టీకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. అది పెట్టాక కూడా కరెంటుతో పాటే నెట్ పోతే, ఆపరేటర్ దారిలో ఎక్కడో బ్యాటరీ లేని స్విచ్ ఉందన్నమాట.

---

ఎంబుక్

ఏజెన్సీ మనిషి ముందు కొలవడం మంచి పని. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి హెచ్ఎం, ఏజెన్సీ మనిషి, కమిటీ నుంచి ఒకరు సంతకం పెట్టండి. ఏజెన్సీ పెట్టనంటే "సంతకానికి నిరాకరించారు" అని రాసి మిగతావాళ్లు పెట్టండి, అదీ చెల్లుతుంది.

కమిషనర్‌కి ఉత్తరంలో నాలుగే కోరికలు రాయండి. నాలుగు దాటితే ఫైలు నాలుగు టేబుళ్లకి పోతుంది. ఒకటి, ల్యాబ్ కేబుల్ ఒప్పందంలోని స్పెసిఫికేషన్ ప్రకారం ఏజెన్సీ ఖర్చుతో మార్చాలి, అప్పటిదాకా మెయింటెనెన్స్ బిల్లు ఆపాలి. రెండు, నెట్ కనెక్షన్ బడి పేరుకి మార్చాలి, ఓఎన్‌టీ, పీపీపీఓఈ, ఫిల్టర్ పాస్‌వర్డులు సీల్డ్ కవర్లో హెచ్ఎం దగ్గర ఉండాలి. మూడు, లాగిన్‌లో ఆధార్, సామాజిక వర్గం తీసేసి పాత డేటా చెరిపినట్టు ఏజెన్సీ రాసివ్వాలి. నాలుగు, పేరు వారీ రిపోర్టు ఆపాలి.

మూడోది ఉత్తరంలో ఉన్నా సరే, ఏజెన్సీకి చెప్పడానికి ముందు ఖాళీ లాగిన్ పేజీ స్క్రీన్‌షాట్లు తేదీతో సహా తీసి పెట్టుకోండి. ఉత్తరం అందిన సాయంత్రమే ఆ కాలమ్‌లు మాయమైపోతాయి, తర్వాత "అలాంటివి ఎప్పుడూ లేవు" అంటారు.

---

యాదమరి_బస్సు

కనెక్షన్ పేరు మార్పుకి ఏజెన్సీ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కావాల సార్. బకాయి ఉంటే కంపెనీ మార్చదు. నెట్ కంపెనీకి ఏజెన్సీ డబ్బు కడతా ఉండాదో లేదో ముందు కనుక్కోండి. రెండు దినాలు నెట్ పోయినవాటిలో కొన్ని వానకి కాదు, బిల్లు కట్టక కంపెనీ ఆపేసినవి అయ్యుండొచ్చు. పేరు మార్పు తేలకపోతే కొత్త కనెక్షన్ బడి పేరున తీసుకుని పాతది మూసేయమనండి, అదే తొందరగా అయిపోతాది.